ముందు నీళ్లు, తరవాత ఇసుక: ఒమాన్‌లో ఒయాసిస్సు పల్లె చూడబోయే విజయనగరం మాస్టారికి

మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిసెంబరులో మీరూ అమ్మగారూ మస్కట్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నారు. ఎడారి మధ్యలో ఉండే అసలైన ఒయాసిస్సు పల్లె ఒకటి చూడాలని మీ కోరిక. ఒక్క రోజు చాలుతుందా, అబ్బాయి చిన్న కారులో ఇసుకలోకి వెళ్లొచ్చా, అమ్మగారి మోకాళ్లకి ఇబ్బందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఎడారి అంచున ఉన్న బిదియా ప్రాంతానికి వెళ్లండి. రెండు పగళ్లు, ఒక రాత్రి పెట్టుకోండి. ఊళ్లు తిరగడానికి చిన్న కారు చాలు, ఇసుకలోకి మాత్రం అది వద్దే వద్దు. అమ్మగారు దాదాపు అన్నీ చూడొచ్చు, దిబ్బ ఎక్కడం ఒక్కటి తప్ప. ఇంకోటి, చాలామంది తిరగేసి చేస్తారు: సరాసరి ఇసుకలోకి పోయి, ఫోటోలు దిగి, వచ్చేస్తారు. మీరు ముందు నీళ్లు చూడండి, తరవాత ఇసుక చూడండి. ఎందుకో కింద చెప్తాను.

నాది సోంపేట దగ్గర పల్లె. 2006 నుంచి పదమూడేళ్లు ఒమాన్‌లో డ్రైవరుగా చేశాను. అందులో ఎక్కువ కాలం ఇబ్రా, బిదియా వైపు ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులోనే. సెలవు రోజుల్లో మన వాళ్ల కుటుంబాలని తిప్పి చూపించేవాణ్ణి. ఇప్పుడు పలాసలో కారు నడుపుకుంటున్నాను.

ఒయాసిస్సు అంటే ఏమిటో ముందు సరిచేసుకుందాం. చిన్నప్పుడు పుస్తకంలో బొమ్మ ఉండేది కదా: గుండ్రంగా ఒక చెరువు, పక్కన రెండు ఖర్జూరం చెట్లు, ఒక ఒంటె. నేనూ అదే అనుకుని వెళ్లాను. బిదియాలో మొదటి వారం, నాతో పనిచేసే మలయాళీ అబ్బాయిని "చెరువేదీ?" అని అడిగాను. వాడు నవ్వి, తోటలోకి తీసుకెళ్లి, మూరెడు వెడల్పు సిమెంటు కాలువ చూపించాడు. అందులో చీలమండ లోతు నీళ్లు, అద్దంలా, చప్పుడు లేకుండా పోతున్నాయి. చుట్టూ కనుచూపు మేర ఖర్జూరం. ఆ చెట్లన్నీ ఆ మూరెడు కాలువ మీద బతుకుతున్నాయి. ఒయాసిస్సంటే అదీ. అందుకే ముందు నీళ్లు చూడమన్నాను.

ఆ కాలువని అక్కడ ఫలజ్ అంటారు. కొండ మొదట్లో తల్లిబావి ఒకటి లోతుగా తవ్వి, దాని అడుగు నుంచి ఊరి దాకా భూమి లోపలే సొరంగం వేస్తారు. వాలు చాలా కొంచెం, నీరు నడిచేంతే. మధ్య మధ్యలో గాలికీ పూడిక తీతకీ బావుల్లాంటి కంతలు. మోటారు లేదు, ఏతం లేదు. నీరు తన దారిన తాను నడిచొచ్చి ఊరి మొదట్లో బయటపడుతుంది. మనం ఎండాకాలంలో మహేంద్రతనయ ఇసుకలో చెలమ తవ్వుకుంటామే, లోపల నీరుందన్న ఆ తెలివే ఇదీ. కాకపోతే ఆ చెలమని కిలోమీటర్ల కొద్దీ పొడుగ్గా లాక్కొచ్చారు. ఒమాన్‌లో అన్ని రకాల ఫలజ్‌లూ కలిపి మూడు వేల పైచిలుకు ఇప్పటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సులైమాన్ ప్రవక్త జిన్నులకి చెప్పి పది రోజుల్లో పదివేల ఫలజ్‌లు తవ్వించాడని అక్కడి ముసలివాళ్లు కథ చెప్తారు. మనకి రాత్రికి రాత్రి దేవతలు కట్టిన గుళ్లున్నట్టు!

నీటి పంపకం ఇంకా బాగుంటుంది. ఊరి మొదట్లో నీరు తాగడానికి, ఆ తరవాత మసీదుకి, స్నానాలకి, చివర తోటలకి. తోటల వంతు కాలంతో కొలుస్తారు. అరగంట నీరు ఒక "ఆథర్", ఇరవై నాలుగు ఆథర్లు కలిస్తే ఒక "బాద్దా", అంటే సగం రోజు. ఒకప్పుడు పగలు కర్ర నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి లెక్క కట్టేవారట. ఇప్పుడు చేతి గడియారమే. ఒక రైతు వచ్చి, రాయికి గుడ్డ చుట్టి తన మడి కంత మూసి, పక్కవాడి కంత తెరిచి, మాట్లాడకుండా వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను. ఒకసారి మీ జిల్లా బొబ్బిలి నుంచి వచ్చిన మామ్మ ఒకావిడని తీసుకెళ్లాను. ఆవిడ కాలువ గట్టు మీద చతికిలబడి చాలాసేపు చూసి, "మా చెరువు మదుము దగ్గరైతే ఈపాటికి కొట్టేసుకుందుము" అంది. ఆ రోజు ఆవిడ ఇసుక దిబ్బ దగ్గరికే రాలేదు, తోట చాలంది.

ఎలా వెళ్లాలి, ఏ వరసలో. మస్కట్ నుంచి బిదియా సుమారు 220 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ వెళ్లినంత, ఇంకా కాస్త తక్కువే. ఇబ్రా మీదుగా సూర్ వైపు పోయే రోడ్డు, చాలా బాగుంటుంది. రెండున్నర గంటలు చాలు. శుక్ర, శనివారాలు అక్కడ సెలవులు, ఇసుకలో రాత్రి బస చేసే క్యాంపులు కిటకిటలాడతాయి. అబ్బాయికి వీలైతే ఆదివారం, సోమవారం సెలవు పెట్టమనండి.

మొదటి రోజు తెల్లారి బయల్దేరితే పది గంటలకల్లా మింతరిబ్ చేరతారు. బిదియాలో ముఖ్యమైన ఊరు అదే. అక్కడ పాత కోట ఉంది, బయటి నుంచి చూస్తే చాలు. అక్కణ్ణుంచి దగ్గర్లోనే హవియా అనే పల్లె ఉంది. నేను చూడమనేది దాన్నే. తోట గోడ, గోడ మీద నుంచి ఖర్జూరం తలలు, వాటి వెనకే ఎర్రటి ఇసుక కొండ, ఏ క్షణాన్నైనా తోట మీదికి దొర్లిపడేలా ఉంటుంది. పచ్చకీ ఎరుపుకీ మధ్య పదడుగులు కూడా ఉండవు. కారు నీడలో ఆపి, తోటల మధ్య సన్నటి దారుల్లో నెమ్మదిగా నడవండి. నేల చదునే, అమ్మగారికి ఇబ్బంది లేదు. గేటు వేసున్న తోటలోకి మాత్రం అడక్కుండా వెళ్లొద్దు. ఎవరైనా కనిపిస్తే "సలాం అలైకుం" అనండి, నూటికి తొంభై మంది వాళ్లే లోపలికి రమ్మంటారు.

తోటలో చూడాల్సింది పైకి చూస్తే కాదు, కిందికి చూస్తే తెలుస్తుంది. పైన ఖర్జూరం గొడుగు. దాని నీడలో నిమ్మ, అరటి, అక్కడక్కడ మామిడి. వాటి కింద పశువుల కోసం లూసర్న్ గడ్డి. ఒకే నీరు, ఒకే నీడ, మూడు అంతస్తుల పంట. మా ఉద్దానంలో కొబ్బరి కింద పనస, మామిడి, అరటి పెంచినట్టే. ఇసుక నేలని తోట చేసిన పద్ధతి రెండు చోట్లా ఒకటే అనిపించి నాకు అక్కడ పరాయి ఊరిలా ఉండేది కాదు. ఫలజ్ ఎండిపోయిన చోట తోట ఎలా ఉంటుందో కూడా చూశాను. తలలు రాలిపోయి మొండేలు మాత్రం నిలబడతాయి. 2018లో తిత్లీ తుపాను తరవాత సెలవు మీద ఇంటికొచ్చి కవిటి రోడ్డులో వెళ్తుంటే నాకు ఆ తోటే గుర్తొచ్చింది. సరే, అది వేరే కథ.

ఖర్జూరం చెట్టు ఎక్కేవాళ్లు నడుముకీ చెట్టుకీ కలిపి పట్టా లాంటి తాడు వేసుకుంటారు. మన ఈతచెట్టు గీసేవాళ్ల మోకులాగే ఉంటుంది, వెనక్కి వాలి కూర్చోవడం కూడా అంతే. మన ఈతచెట్టు ఖర్జూరానికి చెల్లెలి వరసే లెండి. పూత సమయంలో మగచెట్టు పూరెమ్మ కోసి ఆడచెట్టు గెలలో కట్టి వస్తారు. ఈగల్నీ గాలినీ నమ్ముకుంటే పంట రాదట. డిసెంబరులో మీకు పళ్లుండవు, పళ్లు జూన్ నుంచి. కానీ జూన్‌లో 45 డిగ్రీలు దాటుతుంది, ఆ ఆశ వదిలేయండి. ఇసుకలో మేకలు మేపుకునే బదూ (ఎడారి సంచారుల) కుటుంబాలు ఎండాకాలంలో హవియా తోటలకి దిగొచ్చి ఖర్జూరం కోతలో ఉండటం పాత ఆనవాయితీ. అంటే ఆ పల్లె జనాభా కాలాన్ని బట్టి మారేది.

మధ్యాహ్నం భోజనం మింతరిబ్‌లోనే చేసేయండి. మన వాళ్ల నాలుక పట్టే కేరళ హోటళ్లుంటాయి, శాకాహారం దొరుకుతుంది. అమ్మగారు పులిహోర కట్టుకొస్తే ఇంకా మేలు.

ఇప్పుడు ఇసుక. వహీబా ఇసుకలు అంటారు, ప్రభుత్వం వాళ్లు షర్కియా ఇసుకలు అని రాస్తారు. విస్తీర్ణం సుమారు 12,500 చదరపు కిలోమీటర్లు. పాత ఉమ్మడి శ్రీకాకుళం, పాత ఉమ్మడి విజయనగరం రెండు జిల్లాలూ కలిపితే ఎంతో ఇంచుమించు అంత, అంతా ఇసుక. ఉత్తరం వైపు దిబ్బలు వంద మీటర్ల ఎత్తు దాకా, వరసలు వరసలుగా ఉత్తర దక్షిణాలుగా పడుకుని ఉంటాయి. వాటిని అలా పేర్చింది నైరుతి గాలి. జూన్‌లో మనకి వాన మోసుకొచ్చే ఆ నైరుతే అక్కడ ఇసుక మోస్తుంది.

చిన్న కారు ఎందుకు వద్దంటే నా అనుభవం వినండి. 2008లో నేనూ, మా వైపు కుర్రాళ్లు ముగ్గురూ శుక్రవారం క్యాంపు పికప్ తీసుకుని బయల్దేరాం. ఫోర్ వీల్ బండే. బారువ బీచిలో ట్రాక్టరు తోలిన వాణ్ణి, ఇసుక నాకు కొత్తా అనుకున్నాను. టైర్లలో గాలి తీయలేదు. రెండో దిబ్బ మీద బండి ఆగింది, నేను ఇంకా రేజ్ చేశాను, చక్రాలు గోతులు తవ్వుకుని బండి పొట్ట ఇసుక మీద కూర్చుంది. మధ్యాహ్నం ఒంటి గంట. నీళ్లు రెండే సీసాలు. గంటన్నర చేతులతో తవ్వాం, ఎంత తవ్వితే అంత జారి నిండింది. అప్పుడు ఒక ముసలి బదూ తన పాత బండిలో వచ్చాడు. మమ్మల్ని తిట్టలేదు, నవ్వనూ లేదు. వంగి, టైరు వాల్వు మూత తీసి, నేల మీద పడున్న పుల్ల ఒకటి ఏరి పిన్ను మీద నొక్కి పట్టాడు. బుస్సుమని గాలి పోతూనే ఉంది. టైరు కింద పొట్ట పళ్లెంలా పరుచుకున్నాక ఆపాడు. నాలుగు టైర్లకీ అంతే. ముందు చక్రాల ఎదుట ఇసుక అరచేత్తో వాలుగా తోసి, తనే ఎక్కి, వెనక్కి మెల్లగా ఒక జానెడు, ముందుకి ఒక జానెడు ఊపాడు. బండి లేచి వచ్చేసింది.

మా కుర్రాళ్లు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. గుడారానికి తీసుకెళ్లి కహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోశాడు. గిన్నె ఖాళీ చేసిన కొద్దీ మళ్లీ పోస్తున్నాడు. ఐదో గిన్నె తరవాత ఆయన కోడలే కాబోలు, ఖాళీ గిన్నెని వేళ్లతో అటూ ఇటూ ఊపి చూపించింది. అలా ఊపితే చాలు అని అర్థం. మీకూ పనికొస్తుంది, గుర్తుంచుకోండి. కుడిచేత్తోనే అందుకోవాలి, మనకి చెప్పక్కర్లేదనుకోండి.

ఆ తరవాత నేను నేర్చుకున్నవి, అబ్బాయి ఎప్పుడైనా స్నేహితుల ఫోర్ వీల్ బండిలో వెళ్తే పనికొస్తాయి:

రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉండే గాలిని ఇసుకలోకి దిగే ముందు 15 నుంచి 18కి దించాలి. టైరు వెడల్పై బరువు పరుచుకుంటుంది. దిబ్బ ఎక్కేటప్పుడు మధ్యలో ఆపకూడదు. ఆపాలంటే ముక్కు పల్లానికి ఉండేలా ఆపాలి. దిబ్బ వాలు మీద అడ్డంగా తిప్పితే బండి దొర్లుతుంది. మధ్యాహ్నం కంటే పొద్దున్న ఇసుక గట్టిగా ఉంటుంది. ఒక్క బండితో ఎప్పుడూ వెళ్లొద్దు. బయటికొచ్చాక మింతరిబ్‌లో టైర్ల షాపు దగ్గర ఆగి మళ్లీ గాలి కొట్టించాకే తారు రోడ్డెక్కాలి. ఇది మరిచి మెత్తటి టైర్లతో 120లో పోయి ప్రమాదం తెచ్చుకున్నవాళ్లున్నారు. ఆపదలో నంబరు 9999.

మీరు మాత్రం ఇవేవీ పెట్టుకోవద్దు. ఇసుకలో రాత్రి బసకి క్యాంపులు చాలా ఉన్నాయి. ముందే ఫోన్ చేసి అడిగితే వాళ్లే ఊళ్లోకి వచ్చి ఎక్కించుకెళ్తారు, మీ కారు ఊళ్లో పెట్టుకోవచ్చు. అడగాల్సినవి మూడే: మంచం ఎత్తుగా ఉంటుందా, బాత్రూము గదికి ఆనుకుని ఉందా, అందులో వెస్టర్న్ కమోడ్ ఉందా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఈ మూడే ఎడారికంటే పెద్ద సమస్య. రాత్రి పాటలు గట్టిగా పెట్టే క్యాంపులూ ఉన్నాయి, అది కూడా కనుక్కోండి. ఎడారికెళ్లి స్పీకర్లు వినడం నాకు నచ్చదు.

డ్యూన్ బాషింగ్ అని బండిని దిబ్బల మీద ఎగరేసి దింపుతారు. అమ్మగారు ఎక్కొద్దు, మీరూ వద్దు. నడుముకి దెబ్బ. ఒకాయన్ని మంచం మీద పడుకోబెట్టి మస్కట్ తీసుకెళ్లాను, అప్పటినుంచి నేను ఎవరికీ సిఫారసు చెయ్యను. ఒంటె ఎక్కేటప్పుడు కూడా అది లేచే తీరు ముందూ వెనకా విసురుతుంది. చూసి ముచ్చటపడితే చాలు.

సాయంత్రం డిసెంబరులో ఐదున్నరకి ముందే పొద్దు గుంకుతుంది. నాలుగున్నరకల్లా ఏదో ఒక చిన్న దిబ్బ పక్కన కుర్చీ వేయించుకోండి. అమ్మగారు ఎక్కక్కర్లేదు, కింద నుంచే బాగుంటుంది. తేనె రంగు ఇసుక ఇటుక రంగుకి తిరుగుతుంది, ఒక్కో దిబ్బకీ ఒక పక్క నీడ నల్లగా పడుతుంది. పొద్దు పోయిన పావుగంటకే చలి మొదలు. మన వాళ్లు ఎడారంటే ఎండే అనుకుని పల్చటి బట్టలతో వస్తారు. స్వెటరు, చెవులకి మఫ్లరు తప్పనిసరి. షుగరు, బీపీ మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోండి, కారు డిక్కీలో ఊళ్లో వదిలేసి రావద్దు. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి, అక్కడి పొడి గాలికి చెమట పట్టినట్టే తెలియదు.

పొద్దున్నే లేస్తే ఇసుక మీద రాత్రి రాతలుంటాయి. పేడపురుగు నడిచిన కుట్టు గీత, బల్లి తోక ఈడ్చిన జాడ, నక్క అడుగులు. 1986 ప్రాంతంలో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ వాళ్లు ఇక్కడ పరిశోధన చేసి 150 రకాల దాకా మొక్కలు లెక్క తేల్చారు. ఖాళీ అనుకున్న చోట!

వాటిలో ఒక చెట్టుని మీరు చూడగానే గుర్తుపడతారు. అక్కడ ఘాఫ్ అంటారు. సన్నటి ఆకు, ముళ్లు, వంకర కొమ్మలు. అది మన జమ్మిచెట్టే, వేరేది కాదు. వేళ్లు చాలా లోతుకి పోతాయి కాబట్టి ఇసుకలోనూ పచ్చగా ఉంటుంది, ఒంటెలు, మేకలు దాని ఆకు తింటాయి, నీడన మనుషులు కూర్చుంటారు. మా క్యాంపు వెనక ఒకటుండేది. విజయదశమి నాడు డ్యూటీ అయ్యాక శ్రీకాకుళం, విజయనగరం వాళ్లం పన్నెండు మందిమి చీటీలు రాసి దాని కొమ్మలకి గుచ్చేవాళ్లం. మా ఫోర్‌మన్ ఒమానీ ఆయన, మొదటి ఏడు వింతగా చూశాడు. రెండో ఏడు తనే చెట్టు కింద ఊడ్పించి ఉంచాడు.

రెండో రోజు పది గంటలకి ఇసుకలోంచి బయటపడి వాది బనీ ఖాలిద్ వెళ్లండి. వాది అంటే కొండల మధ్య వాగు లోయ. బిదియా నుంచి గంట లోపే, తారు రోడ్డే, చిన్న కారు చాలు. కొండల మధ్య ఏడాదంతా నీరుండే మడుగులు. కారు ఆపిన చోటు నుంచి మొదటి మడుగు దాకా ఫలజ్ పక్కనే పదినిమిషాల నడక. అక్కడ రాయి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెడితే చిన్న చేపలొచ్చి పాదాలు కొరుకుతాయి. అమ్మగారికి ఇది నచ్చకపోతే నన్నడగండి. పైనున్న గుహ దాకా వెళ్లాలంటే రాళ్లెక్కాలి, అది వదిలేయండి. స్నానం చేసేవాళ్లు ఒంటి నిండా బట్టతోనే దిగాలి.

ఒక్క హెచ్చరిక. వానని చెప్తే వాదికి వెళ్లొద్దు. మన గెడ్డలు పొంగినట్టే, పైన కొండల్లో ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండలో ఉండగానే నీరొచ్చి పడుతుంది. 2007 జూన్‌లో గోను తుపానప్పుడు నేను అక్కడే ఉన్నాను. తుపాన్లు మనకి కొత్త కాదు కానీ, చుక్క నీరు లేని వాది అరగంటలో లారీని తోసుకుపోవడం అప్పుడే చూశాను.

తాబేళ్లు గుడ్లు పెట్టే రాస్ అల్ జింజ్ కూడా అటే కదా అని అబ్బాయి అంటాడు. దానికి మంచి కాలం ఎండాకాలం, డిసెంబరులో అంత దూరం పోనక్కర్లేదు.

ఫోటోల విషయం: ఆడవాళ్లని అడక్కుండా తీయొద్దు. బదూ ఆడవాళ్లు ముఖానికి ముసుగు పట్టీ కడతారు, మన వాళ్లు దాన్నే వింతగా ఫోటో తీస్తారు, వాళ్లకి కోపం వస్తుంది. అమ్మగారు పక్కన కూర్చుని చేతి గాజులు చూపిస్తే మాత్రం మాటలు రాకపోయినా గంట కబుర్లు నడుస్తాయి, చూశాను.

చివరగా ఖర్జూరాలు. తినడానికి ఖలాస్ కొనండి, మెత్తగా ఉంటుంది. నిలవకి ఫర్ద్ మంచిది. బిదియా వైపు ఇంకో రకం ఉంది, మబ్సలీ. పసుపుగా ఉన్నప్పుడే కోసి, పెద్ద పెద్ద రాగి గంగాళాల్లో ఉడకబెట్టి ఎండలో ఆరబెడతారు. జూన్, జూలైలో ఊరంతా ఆ తీపి ఆవిరి వాసనే. అందులో ఎక్కువ మన దేశానికే ఎగుమతయ్యేదని చెప్తారు. గంగాళం దగ్గరున్న పెద్దాయన "ఇది మేం పెద్దగా తినం, మీరే తింటారు" అని గుప్పెడు చేతిలో పోశాడు. చూస్తే బాలింతకి పెట్టే మన ఎండు ఖర్జూరం! మా అమ్మ సోంపేట సంతలో కొనేది.

ఖర్జూరం పాకం సీసా కూడా అమ్ముతారు, దోసెలోకి బాగుంటుంది. కొంటే చెక్-ఇన్ పెట్టెలో రెండు కవర్లు చుట్టి పెట్టండి. నేను ఒట్టిగా పెట్టాను, మా చెల్లి పెళ్లికి తెచ్చిన చీర మీద కారింది. మా చెల్లి ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.